ఉప్పాడ తీరం కోతకు వాతావరణ మార్పు ఒక్కటే కారణమా?

ప్రశ్న – ఉప్పాడ మనవరాలు

మా అమ్మమ్మ పుట్టిన ఇల్లు ఉన్న చోట ఇప్పుడు కెరటాలు విరుగుతున్నాయి. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు తుపాను వచ్చిన ప్రతిసారీ కోతకు గురవుతోంది. ఒడ్డును నిలబెట్టడానికి వేసిన జియోట్యూబు గోడ (ఇసుక నింపిన పెద్ద వస్త్రపు గొట్టాల వరుస) కూడా అలల ధాటికి దెబ్బతింది. ఇదంతా వాతావరణ మార్పు వల్లనే అని సరిపెట్టుకోవచ్చా, లేక ఇందులో మన చేతులారా జరిగినది కూడా ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 – ఒండ్రునేల

మీ సందేహం సరైనదేనండి. సముద్రజలం వేడెక్కి వ్యాకోచించడం వల్ల, మంచు కరిగిన నీరు చేరడం వల్ల 1901–2018 మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ తేల్చింది. అయితే మన తీరం నిలబడేది గోదావరి తెచ్చే ఒండ్రు మీద. నది ముఖం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చిన ఇసుకే కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్‌ను కట్టింది. గోదావరి మీద, దాని ఉపనదుల మీద జలాశయాలు పెరిగేకొద్దీ ఆ ఒండ్రులో చాలా భాగం వాటి అడుగునే పేరుకుపోతోంది; అలలు తీసుకుపోయినంత మట్టి తిరిగి రావడం లేదు. జలాశయాలు వద్దని నేను అనను, మా ఇంట్లో తినే అన్నం ఆ నీటితో పండినదే. కానీ నీటిని పంచుకోవడానికి పడినంత తగాదా ఒండ్రు కోసం ఎవరూ పడకపోవడం నన్ను బాధిస్తుంది.

జవాబు 2 – కోరింగ పొరుగు

మడ అడవుల మాట కూడా చెప్పాలి. కాకినాడ దగ్గర సుమారు 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యంలో తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్ల వేర్లు ఆటుపోట్లతో వచ్చే బురదను పట్టి ఉంచుతాయి; రొయ్య పిల్లలు, పీతలు ఆ వేర్ల మధ్యనే పెరుగుతాయి; చేపలు పట్టి తినే అడవి పిల్లి, బావురుపిల్లికి అదే వేటస్థలం. సముద్రమట్టం పెరిగినప్పుడు మడ అడవి తరాల మీద మెల్లగా లోపలి వైపు జరగగలదు. వెనక రొయ్యల చెరువు గట్టు అడ్డంగా ఉంటే మాత్రం దానికి జరగడానికి చోటే ఉండదు. సముద్రం పెరగడంలో మన వాటా కొంతే కావచ్చు, ఆ గట్టు మాత్రం పూర్తిగా మనదే.

ప్రశ్న అడిగినవారు

అయితే ఉప్పాడలో కూడా మడ మొక్కలు నాటితే ప్రయోజనం ఉంటుందా?

జవాబు 2 – కోరింగ పొరుగు

ఉండదండి. ఎదురుగా అలలు విరిగే ఇసుక ఒడ్డున మడ నిలదొక్కుకోదు, దానికి బురద, నెమ్మదైన నీరు కావాలి. డెల్టాలో ఉప్పు పేరుకుని బీడైన చోట్ల ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీటిని లోపలికి రానిచ్చాకే మొక్కలు నాటి అడవిని తిరిగి పెంచారు. ఉప్పాడలో ముందుగా కావలసింది వేరు: ఇల్లు పోయిన మత్స్యకార కుటుంబాలకు, పడవ నిలుపుకుని వల ఆరబెట్టుకునే చోటుతో సహా, సముద్రానికి అందుబాటులోనే భద్రమైన నేల. భూమిని వేడెక్కించిన పొగలో వారి వాటా అతి స్వల్పం.