అమ్మానాన్నల్ని తమిళనాడు యాత్ర బస్సులో పంపొచ్చా? వెళ్లొచ్చిన పెద్దవాళ్లు చెప్పండి ప్లీజ్

ఖమ్మం_పాప:
అందరికీ నమస్తే. మా నాన్నకి 70 దాటాయి, అమ్మకి 66. నాన్నకి షుగర్ ఉంది, మాత్రలే, ఇన్సులిన్ లేదు. అమ్మకి మోకాళ్లు, మెట్లు దిగేటప్పుడే ఎక్కువ బాధ. మా కాలనీవాళ్లు కలిసి ఒక యాత్ర బస్సు మాట్లాడుకున్నారు, కంచి అరుణాచలం చిదంబరం కుంభకోణం తంజావూరు శ్రీరంగం మధురై రామేశ్వరం కన్యాకుమారి, వంటవాళ్లు బస్సులోనే వస్తారట, టిఫిన్లు భోజనాలు అన్నీ మన వంటే. అమ్మ అప్పుడే సంచి సర్దడం మొదలుపెట్టింది. అన్నయ్యేమో ఈ వయసులో అన్ని రోజులు బస్సులో ఏం కూర్చుంటారు, తర్వాత మనమే కారులో తీసుకెళ్దాం అంటున్నాడు, కానీ ఆ తర్వాత ఎప్పుడొస్తుంది, వాడికీ సెలవు దొరకదు నాకూ దొరకదు. ఈ వయసులో భార్యాభర్తలు ఇలాంటి బస్సులో వెళ్లొచ్చినవాళ్లు ఉంటే నిజంగా ఎలా ఉంటుందో చెప్పండి. పంపాలా వద్దా తేల్చుకోలేకపోతున్నా.

బందరు_పెద్దమ్మ:
పంపించు తల్లీ. మావారూ నేనూ ఇంచుమించు ఈ ఊళ్లన్నీ ఇలాంటి బస్సులోనే తిరిగొచ్చాం, మావారు మీ నాన్నగారి కంటే పెద్దే. కష్టం ఉండదని చెప్పను, కానీ మీ అన్నయ్య అనుకుంటున్న చోట కాదు కష్టం. కూర్చోవడం పెద్ద ఇబ్బంది కాదు, నిద్రే ఇబ్బంది. తమిళనాడులో చాలా గుళ్లు మధ్యాహ్నం పన్నెండు పన్నెండున్నరకల్లా మూసేస్తారు, మళ్లీ నాలుగింటికి గానీ తియ్యరు. అందుకని బస్సువాళ్లు పన్నెండులోపు రెండు గుళ్లు చూపించాలని తెల్లారుజామున మూడున్నరకే తలుపులు కొట్టి లేపుతారు, రాత్రి ఊరు మారి పడుకునేసరికి పదకొండు. అలా నాలుగు రోజులు గడిచేసరికి కుర్రాళ్లే వాలిపోతారు. గుళ్లు మూసి ఉండే ఆ మధ్యాహ్నమే మనకి నిద్ర. అప్పుడు బజారు చూద్దాం, పట్టుచీరలు చూద్దాం అని కొందరు లాగుతారు, మీ అమ్మని వెళ్లొద్దని చెప్పు, భోజనం చేసి పడుకోమను. నేను కంచిలో చీరలకి వెళ్లలేదు, దాని గురించి ఈరోజుకీ నాకు బెంగ లేదు.

సీటు సంగతి ముందే తేల్చుకోండి. వెనక చక్రం మీద సీటు, చివరి వరస, ఈ రెండూ ఒప్పుకోవద్దు, గతుకుల్లో నడుం విరుగుతుంది. ముందు నుంచి మూడో నాలుగో వరసలో నాన్నగారిని కిటికీ వైపు, అమ్మని దారి వైపు కూర్చోమను, ఆవిడ కాలు చాపుకోవచ్చు. బస్సు ఆగిన ప్రతిసారీ దిగి నాలుగడుగులు వెయ్యాలి, లేకపోతే సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టవు. ఇంకొకటి, దారిలో బాత్రూము దొరకదేమోనని ఆడవాళ్లం నీళ్లు తాగడం మానేస్తాం. మా బస్సులో ఒకావిడ అలాగే మానేసి మూత్రంలో మంటతో జ్వరం తెచ్చుకుంది, చాలా బాధపడింది పాపం. నీళ్లు తాగాలి, బస్సు ఆపమని అడగాలి, అడగడానికి సిగ్గుపడితే పక్కావిడ చేత అడిగించాలి, ఒకరు అడిగితే పదిమంది దిగుతారు, అందరికీ అవసరమే.

మధురై గురించి ప్రత్యేకంగా చెప్తున్నా, మర్చిపోకు. మీనాక్షమ్మ గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, బయట ఇచ్చి వెళ్లాలి. నాలుగు వైపులా నాలుగు పెద్ద గోపురాలు, కొత్తవాళ్లకి నాలుగూ ఒక్కలాగే కనిపిస్తాయి, లోపల తిరిగి తిరిగి వేరే వైపు బయటికి వస్తే చెప్పులూ ఫోనూ ఒక దిక్కున, మనం ఒక దిక్కున. మా బస్సులో ఒక పెద్దాయన భార్యనుంచి తప్పిపోయి భాష రాక ఎంతసేపు నిలబడ్డాడో, ఆవిడ ఏడుపు చూడలేకపోయాం. లోపలికి వెళ్లేముందే ఏ గోపురం నుంచి వెళ్తున్నామో, తూర్పా పడమరా, గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, తప్పిపోతే పొట్రామరై కోనేటి మెట్ల దగ్గరే కలుద్దాం అని ఇద్దరూ అనుకోవాలి. మేనేజరు నంబరూ దిగిన లాడ్జి పేరూ కాగితం మీద రాసి ఇద్దరి జేబులోనూ పెట్టు, ఫోన్లో ఉంటే లాభం లేదు.

రామేశ్వరంలో 22 తీర్థాలు. ముందు అగ్నితీర్థం అని సముద్రస్నానం, తర్వాత తడిబట్టలతోనే గుళ్లోకి వెళ్లి ఒక్కో బావి దగ్గరా నీళ్లు పోయించుకుంటూ తిరగడం, అంతా అయ్యాక పొడిబట్టలు కట్టుకుంటేనే స్వామి దర్శనం. నేలంతా నీళ్లే, జారుతుంది. మోకాళ్లున్నవాళ్లకి అది వద్దు. నేను వెళ్లలేదు, మావారు మాత్రం వెళ్లారు, నేను ఆ పెద్ద ప్రాకారంలో స్తంభాల వరస చూస్తూ కూర్చున్నా, తర్వాత హాయిగా దర్శనం చేసుకున్నా. అన్నీ చూడాలని నియమం ఏమీ లేదు. తిరుచ్చిలో ఉచ్చిపిళ్లైయార్ కొండకి నాలుగు వందల పైచిలుకు మెట్లు, అదీ కిందనుంచే దణ్ణం పెట్టుకోమను.

ఇక బాగున్న సంగతి. నాకు పెళ్లయిన దగ్గర్నుంచీ అన్ని రోజులు వరసగా ఇంకెవరో వండి, ఆకేసి, పెద్దమ్మా ఇంకొంచెం పప్పు వేసుకోండి అని వడ్డించడం అదే మొదలు. పొద్దున లేస్తే ఏం వండాలి అన్న ఆలోచన లేదు. దానికే సగం నొప్పులు తగ్గాయి నాకు. మావారు ఇంట్లో పేపరు చదువుకుంటూ పొడిపొడిగా మాట్లాడే మనిషి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని కావేరి దాటుతుంటే చిన్నపిల్లాడిలా అటు చూడు అటు చూడు అని భుజం తట్టారు. తంజావూరు నుంచి తిరువయ్యారు 13 కిలోమీటర్లే, మా ప్రోగ్రాంలో లేదు, మేమంతా అడిగితే మేనేజరు పెట్టించాడు. కావేరి ఒడ్డున త్యాగయ్యగారి సమాధి, దాని మీద గుడి బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొమ్ముతో కట్టించింది, ఒక స్త్రీ పట్టుబట్టి చేసిన పని అది. చుట్టూ అరవం మాట్లాడే ఊళ్లో గోడల మీద మన తెలుగు కీర్తనలు చూస్తే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. మీవాళ్లు తంజావూరు ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఇప్పుడే అడిగి అది పెట్టించండి.

యాత్రబస్సు_మేనేజర్:
పెద్దమ్మగారు అన్నీ కరెక్టుగా చెప్పారు. చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా కాబట్టి మా వైపునుంచి కొన్ని చెప్తా. మనిషికి ఇంత అని చెప్పే రేటులో పడుకోవడం హాల్లోనా రూములోనా అన్నది ముందు అడగండి. తక్కువ రేటు అంటే మామూలుగా సత్రం హాల్లో చాపలు, నేల మీద పడుకుని లేవడం మోకాళ్లున్నవాళ్లకి చాలా కష్టం. రూమైతే కింద అంతస్తు గానీ లిఫ్టు గానీ, వెస్టర్న్ బాత్రూము కావాలని ఇప్పుడే చెప్పండి, ఊళ్లోకి దిగాక రాత్రి పదకొండింటికి అడిగితే మేము కూడా ఏమీ చెయ్యలేం. బస్సు గుడిదాకా రాదు, కంచి కుంభకోణం మధురైలలో దూరంగా ఆపాల్సిందే, అక్కణ్ణుంచి ఆటో ఖర్చు మీదే, స్పెషల్ దర్శనం టికెట్లు పడవ టికెట్లు కూడా మామూలుగా రేటులో ఉండవు. శ్రీరంగంలో పెద్దవాళ్లకి బ్యాటరీ కారు, వీల్‌చైర్ ఉంటాయి, అడగడానికి మొహమాటపడొద్దని చెప్పండి, ఏడు ప్రాకారాల గుడి అది, నడక చాలా ఉంటుంది. రాత్రి ప్రయాణాలుంటే ఇద్దరు డ్రైవర్లు ఉన్నారా అని తప్పకుండా అడగండి. ఒక్కడే అన్నారంటే ఎంత తెలిసినవాళ్లయినా ఆ బస్సు ఎక్కించొద్దు.

నెల్లూరు_శీను:
నేను మీ అన్నయ్య పక్షం. మా అమ్మకి ఇలాంటి యాత్రలోనే దారిలో విరేచనాలు పట్టుకున్నాయి. బస్సులో నలభైమంది, ఒక్కరి కోసం రోజంతా ఆగదు, ఆగమని మనం అడగనూ లేం. కుంభకోణంలో అమ్మానాన్న దిగిపోయి లాడ్జిలో ఉంటే నేను రాత్రికి రాత్రి బయల్దేరి వెళ్లా. తర్వాత ఏడాది కారులోనే తీసుకెళ్లా, రోజుకి ఒక్క ఊరు, మధ్యాహ్నం రెస్టు, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాం. అమ్మ ఎంత స్థిమితంగా ఉందో చెప్పలేను. ఖర్చు రెండింతలు అయింది, అయినా సరే. కాస్త ఆగైనా ఇద్దరూ సెలవు పెట్టుకోండి, అమ్మానాన్నల కోసం ఆ మాత్రం చెయ్యలేమా.

బందరు_పెద్దమ్మ:
శీను బాబూ, నువ్వు రాత్రికి రాత్రి వెళ్లావు చూడు, అలాంటి కొడుకుని కన్న తల్లి అదృష్టవంతురాలు. నువ్వు చెప్పిన భయం ఉన్నదే, కాదనను. కానీ కారులో పిల్లలతో వెళ్తే మేము పిల్లల టైము చూసుకుంటాం, వీడికి లీవు అయిపోతోంది, కోడలికి విసుగొస్తోందేమో అని. బస్సులో మా ఈడువాళ్లు, మా మాటలు, మా నొప్పులు, ఒకళ్ల మందులు ఒకళ్లం గుర్తుచేసుకుంటాం. ఇప్పటికీ ఆ బస్సులో పరిచయమైన ఇద్దరు ఆడవాళ్లు ఫోన్ చేస్తూ ఉంటారు నాకు. అందుకని పంపించమనే అంటున్నా, కాకపోతే దారిలో దిగిపోవాల్సి వస్తే ఎవరు వెళ్తారు అన్నది అన్నాచెల్లెళ్లు ఇప్పుడే మాట్లాడుకోండి, విడిగా కొంత డబ్బు నాన్నగారి దగ్గర ఉంచండి. బయట చట్నీలు, బండి మీద నీళ్లు ముట్టుకోవద్దని చెప్పండి. ఓఆర్ఎస్ పాకెట్లు పెట్టండి.

ఖమ్మం_పాప:
చాలా థాంక్స్ అండి అందరికీ, పెద్దమ్మగారూ మీరు రాసింది అమ్మకి చదివి వినిపించా, పప్పు వడ్డించే మాట దగ్గర ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుంది. అన్నయ్యకి కూడా పంపించా, ఏమైనా అయితే తనే వెళ్తానన్నాడు. హాలే అని తేలింది, రూముకి ఎక్కువ కడతామంటే సరే అన్నారు, డ్రైవర్లు ఇద్దరు. రెండు డౌట్లు, నాన్నకి భోజనం టైముకి దొరుకుతుందా, కన్యాకుమారిలో పడవ ఎక్కొచ్చా?

యాత్రబస్సు_మేనేజర్:
భోజనం టైము చెప్పలేనమ్మా. గుడి అయ్యాక బస్సు ఎక్కడ నీడ దొరికితే అక్కడ వంట దించుతాం, ఒక్కోరోజు రెండున్నర కూడా అవుతుంది. షుగర్ మాత్ర వేసుకుని అంతసేపు ఖాళీ కడుపుతో ఉండకూడదు కదా, బిస్కెట్లు, వేయించిన శనగలు, నాలుగు చాక్లెట్లు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి, బస్సు పైన పెట్టిన బ్యాగులో కాదు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. వంట మాస్టరుకి మొదటి రోజే చెప్తే ముందు ఒక ప్లేటు ఇచ్చేస్తాడు, మేం చాలామందికి అలాగే చేస్తాం. పడవ ఎక్కొచ్చు, లైఫ్ జాకెట్ ఇస్తారు, క్యూ మాత్రం చాలాసేపు, ఎక్కేటప్పుడు పడవ ఊగుతుంది కాబట్టి అమ్మగారికి చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. 2024 చివర్లో వివేకానంద రాక్ నుంచి తిరువళ్లువర్ విగ్రహం దాకా గాజు వంతెన వేశారు, ఇప్పుడు రెండిటి మధ్యా మళ్లీ పడవ అక్కర్లేదు. సముద్రం ఉధృతంగా ఉంటే పడవలు ఆపేస్తారు, అలాంటప్పుడు ఒడ్డునుంచే 133 అడుగుల విగ్రహం బాగా కనిపిస్తుంది.

బందరు_పెద్దమ్మ:
ఇద్దరికీ పాత మేజోళ్లు రెండేసి జతలు పెట్టమ్మా, ప్రాకారాల్లో రాళ్లు పదకొండింటికే కాలిపోతుంటాయి. తిరువయ్యారు మాట మేనేజరుతో ఇప్పుడే చెప్పించు.