వేరుశనగ మొదలు కుళ్ళు: రెండుసార్లు మందు కొట్టినా ఆగడం లేదు

గజపతినగరం మెట్ట: ఎకరన్నర వేశాను. కాయలు పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకి అక్కడక్కడా మొక్కలు వాడిపోతున్నాయి. పట్టి లాగితే పైభాగం చేతికొచ్చేస్తోంది, కాయలు నేలలోనే ఉండిపోతున్నాయి. మొదట్లో తెల్ల బూజు. షాపులో ఇచ్చిన మందు రెండుసార్లు ఆకుల మీద కొట్టాను, డబ్బులు దండగ.

లావేరు కుర్రాడు: బూజులో ఆవగింజల్లాంటివి కనబడ్డాయా అన్నా?

గజపతినగరం మెట్ట: ఉన్నాయి. ముందు తెల్లగా, తర్వాత గోధుమ రంగు. ఎరువు గుళికలేమో అనుకున్నాను!

లావేరు కుర్రాడు: అయితే స్క్లెరోషియం శిలీంధ్రమే. ఆ గింజలు నేలలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఆకు మీద కొడితే మందు మొదలుకి చేరదు. హెక్సాకొనజోల్ లీటరుకి 2 మి.లీ. కలిపి, జబ్బు మొక్కకీ చుట్టుపక్కల వాటికీ మొదలు తడిసేలా పోయండి. చచ్చినవి తిరిగి లేవవు, పక్కవాటిని కాపాడుకోవడమే.

చీపురుపల్లి పెద్దాయన: మందు సంగతి తర్వాత. పశువుల గెత్తం ఎప్పుడు తోలావు బాబూ?

గజపతినగరం మెట్ట: విత్తే ముందు వారం. సగమే మాగింది మావయ్యా.

చీపురుపల్లి పెద్దాయన: అదిగో. మాగని గెత్తం, కుళ్ళని మోళ్ళు ఆ బూజుకి మేత. నేనూ అలాగే చేసి ఒక చెక్క చేను పోగొట్టుకున్నాను. ఇంకోటి, గొప్పు తవ్వేటప్పుడు మొదలికి మట్టి ఎగదోశాను. బలమని అనుకున్నాం. మట్టి కప్పిన మొక్కలే ముందు పోయాయి. ఇప్పుడు కలుపు తీస్తాం గానీ మట్టి తాకనివ్వం. వేసవిలో లోతు దుక్కి చేస్తే ఆ బూజు గింజలు అడుక్కి పోతాయి, పైనున్నవే మొలుస్తాయి మరి.

బొండపల్లి: ఈ బూజుని అణిచే ట్రైకోడెర్మా పొడి అంటారు, నాకేమీ పని చెయ్యలేదు.

లావేరు కుర్రాడు: పొడి పొడిగా చల్లేశారా? ప్యాకెట్ మీద తేదీ చూశారా? అది బతికున్న శిలీంధ్రం అన్నా. 2 కిలోలు తీసుకుని 90 కిలోల మాగిన గెత్తంలో, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో గోనె కప్పి, తడి చల్లుతూ 15 రోజులు ఉంచాలి. తర్వాత తడి నేలలో వేయాలి.

బొండపల్లి: ఎండలో చల్లాను. సరే.

గజపతినగరం మెట్ట: వచ్చే ఏడు ఏం వేయమంటారు? మాకు వరి నీరు లేదు.

చీపురుపల్లి పెద్దాయన: చోళ్ళో (రాగులు), మొక్కజొన్నో. అదే చెక్కలో వేరుశనగ మాత్రం వద్దు.

గజపతినగరం మెట్ట: పొద్దున్న గోనె సంచి పట్టుకెళ్తున్నాను. పీకినవి అందులోనే వేసి కాల్చేస్తాను. ఇన్నాళ్ళూ గట్టు మీద పడేస్తున్నాను, అవతలి చేను మా బావది.