పంట కాపలాకి తుపాకీ: హక్కా, అనుమతా?

కందిచేను:
అడవి అంచు పొలాల్లో మొక్కజొన్న, వేరుశెనగ పందుల పాలవుతోంది. లైసెన్సు తుపాకీ రైతు హక్కని కొందరంటారు. ఊళ్లోకి తుపాకీ వస్తే చివరికి కక్షలకే పనికొస్తుందని మరికొందరు. చట్టం ఎటుంది, న్యాయం ఎటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

సెక్షన్13:
రాజ్యాంగంలో ఆయుధం హక్కు లేదండి. 1878 చట్టంతో తెల్లవాళ్లు జనాన్ని నిరాయుధుల్ని చేశారన్న కోపం మనవాళ్లకి చాలాకాలం ఉండేది. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును రాసుకున్నారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో సభ్యుడు హెచ్.వి.కామత్ దాన్ని చేర్చమంటే అంబేద్కర్ ఒప్పుకోలేదు. 19వ అధికరణంలో ఉన్నది ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు.

అయితే 1959 ఆయుధాల చట్టం 13(3) చదవండి. పంట కాపలాకి గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ, రక్షణకి 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న స్మూత్ బోర్ (గొట్టం లోపల నున్నగా ఉండే) తుపాకీ అడిగితే లైసెన్సు "ఇవ్వాలి" అనే ఉంది. పిస్టల్, రివాల్వర్ లాంటివైతేనే తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. అర్హత లేదనో, శాంతిభద్రతలకు ముప్పనో 14వ సెక్షన్ కింద తిరస్కరించవచ్చు గానీ, చాలినంత ఆస్తి లేదన్న ఒక్క సాకుతో కాదు. ఆ మాట చట్టంలోనే ఉంది. దరఖాస్తు ఫారం ఎ-1. తిరస్కరిస్తే కారణం రాతలో అడిగి తీసుకోండి, 18వ సెక్షన్ కింద అప్పీలుకు అదే ఆధారం. రెండెకరాల రైతును నోటిమాటతో వెనక్కి పంపడం నా దృష్టిలో అన్యాయం.

గట్టుమీద:
పై మాట నిజమే గానీ సగమే. తుపాకీ లైసెన్సు పందిని చంపడానికి అనుమతి కాదు. దానికి వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. లైసెన్సు లేని నాటు తుపాకీ దొరికితే 2019 సవరణ తర్వాత కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు.

నా అభ్యంతరం వేరు. మూతి నుంచి కూరిన మందు పేలిస్తే తప్ప తేలిగ్గా బయటికి రాదు. కాబట్టి రాత్రి పేల్చకపోతే పొద్దున అలాగే గోడకి ఆనిస్తారు. మందు అంటించే క్యాప్ తీసేశాం కదా అనుకుంటారు, మందూ రవ్వలూ లోపలే ఉంటాయి. ఇంట్లో పిల్లలుంటారు, అప్పుల బాధలో ఉన్న మనిషి ఉంటాడు. పంటకి వచ్చే నష్టంతో ఆ ప్రాణాన్ని తూచగలమా?

సోలార్‌కంచె:
తుపాకీ వద్దంటే రైతు ఊరుకోడండి, కరెంటు తీగ పెడతాడు. దానికి పంది, పక్క పొలం మనిషి ఒకటే. దాన్ని తలుచుకుంటే భయం. ముందు సోలార్ కంచె చూడండి. దాని ఎనర్జైజర్ (తీగకి షాక్ పంపే పెట్టె) సుమారు సెకనుకి ఒకసారి క్షణకాలం షాకిస్తుంది, అందుకే మనిషి చెయ్యి వదిలించుకోగలడు. లైను కరెంటు అలా వదలదు. తీగకి గడ్డి తగిలినా, ఎర్త్ రాడ్ చుట్టూ నేల ఎండినా షాక్ తగ్గిపోతుంది. చాలామంది కంచె పనిచేయదనేది ఇందుకే.

తుపాకీయే కావాలంటే, గట్టుమీద గారు చెప్పిన కారణానికే, 12 బోర్ (స్మూత్ బోర్‌లో ఒక సైజు) తుపాకీల్లో మధ్యలో మడతపెట్టేది మేలు. మడిచి చూస్తే తూటా ఉందో లేదో కనిపిస్తుంది. గొట్టం కింద ఉండే చెక్క ముక్క తీస్తే గొట్టం ఊడొస్తుంది. ఆ ముక్క ఒకచోట, తూటాలు ఇంకోచోట తాళం వేసి పెట్టండి.

కందిచేను:
అలా విడదీసి పెడితే రాత్రి దొంగ వచ్చినప్పుడు ఏం ఉపయోగం?

సోలార్‌కంచె:
ఉండదు. పందుల కాపలాకి ఆ ఆలస్యం అడ్డు కాదు, ఎప్పుడు వెళ్లాలో ముందే తెలుసు. ఇంటి రక్షణకే అంటే తూటాలు దగ్గర పెట్టుకోవాలి, అంటే గట్టుమీద గారు చెప్పిన ముప్పంతా ఇంట్లోకి వచ్చినట్టే. దేనికోసమో ముందు తేల్చుకుని ఆ తర్వాతే ఫారం నింపండి.