'ఏమేమి' ఇకార సంధా, ఆమ్రేడిత సంధా? కీ మీద అభ్యంతరం ఎలా రాయాలి?

కొత్తచాక్‌పీసు:
టీచర్ పోస్టుల పరీక్ష, స్కూల్ అసిస్టెంట్ తెలుగు. ప్రాథమిక కీ వచ్చింది. ప్రశ్న ఇది: "'ఏమేమి' పదంలోని సంధి?" ఆప్షన్లు 1) గుణ 2) ఇకార 3) ఆమ్రేడిత 4) యడాగమ. నేను 3 పెట్టాను, కీలో 2 ఉంది. 'ఏమి' ఇకార సంధి జరిగే 'ఏమ్యాదులు' అనే పదాల్లోదే కాబట్టి 2 కూడా తప్పనలేమని గ్రూపులో కొందరంటున్నారు. పోయేది అర మార్కే, కానీ ర్యాంకు ఎక్కడికో జారిపోతుంది. ఎల్లుండితో గడువు ముగుస్తుంది. 3 ఒక్కటే సరైనదని నిలబెట్టగలమా, రెంటికీ మార్కు ఇమ్మని అడగాలా? ఆధారంగా ఏం జతచేయాలి?

ద్రుతప్రకృతికం:
నిలబెట్టొచ్చండి. బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదం తీసి రెండు సూత్రాలూ పక్కపక్కన పెట్టుకోండి.

మొదటిది ఇకార సంధి: "ఏమ్యాదుల యిత్తునకు సంధి వైకల్పికముగా నగు." ఇత్తు అంటే హ్రస్వ ఇకారం. ఏమి, మఱి, కి, అది, అవి, ఇది, ఇవి, ఏది, ఏవి అనేవి ఏమ్యాదులు. వీటి తర్వాత ఏ అచ్చు వచ్చినా ఈ సూత్రం పనిచేస్తుంది: ఏమి + అంటివి = ఏమంటివి.

రెండోది: "అచ్చునకు ఆమ్రేడితంబు పరంబగునపుడు సంధి తఱచుగా నగు." దీనికి ఏదో ఒక అచ్చు పరమైతే (తర్వాత వస్తే) చాలదు, అదే పదం మళ్లీ రావాలి. ఆ రెండోసారి వచ్చిన దాన్నే ఆమ్రేడితం అంటాం. ఏమి + ఏమిలో ఉన్నది అదే. విశేష విధి (ప్రత్యేక నియమం) ఉన్నచోట సామాన్య విధి (సాధారణ నియమం) పేరు చెప్పరు. 'ఎంతెంత'ను అకార సంధి అనీ, 'ఎట్లెట్లు'ను ఉకార సంధి అనీ ఎవరూ బోధించడం లేదు కదా! 'ఏమేమి'కి మాత్రం వేరే నియమం ఎందుకు?

ఆప్షన్ 4 గురించి చింత అక్కర్లేదు. సంధి జరగనప్పుడు వచ్చే 'ఏమియేమి'లోనే యడాగమం (మధ్యలో 'య' వచ్చి చేరడం) ఉంటుంది.

పాతకీలు:
పైవారి వాదన సరైనదే. దాన్ని ఇంకో అడుగు లాగి "'ఏమేమి'ని ఇకార సంధి అంటే ఆమ్రేడిత సూత్రానికి ఇక చోటే ఉండదు" అని మాత్రం రాయకండి. చాలామంది అలాగే రాస్తారు. 'ఆహాహా' ఉందిగా! అకార సంధి జరిగేది అత్తుకు, అత్తు అంటే హ్రస్వ అకారమే, 'ఆహా' చివర ఉన్నది దీర్ఘం. ఆమ్రేడిత సూత్రానికి అక్కడ చోటుంది. నిపుణులు ఆ ఒక్క ఉదాహరణతో మీ పేరా మొత్తం పక్కన పెట్టేస్తారు.

అసలు బలం పుస్తకంలోని పేజీకి ఉంటుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో గానీ, తెలుగు అకాడమీ పుస్తకంలో గానీ ఆమ్రేడిత సంధి కింద 'ఏమేమి' ఉదాహరణగా ఉన్న పేజీ వెతకండి. ఆ పేజీ, పుస్తకం ముఖపత్రం, ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ, బాలవ్యాకరణం సూత్రం పేజీ, ఈ నాలుగూ ఒకే పీడీఎఫ్‌లో పెట్టి, సంబంధిత వాక్యం కింద గీత గీయండి. కోచింగ్ సెంటర్ మెటీరియల్, గైడ్లు, యూట్యూబ్ స్క్రీన్‌షాట్లు జతచేస్తే ఉన్న బలం కూడా తగ్గుతుంది.

ఇంకో సంగతి, ఎక్కువ అభ్యంతరాలు చెడేది ఇక్కడే. కంప్యూటర్ పరీక్షలో ప్రశ్నల వరుస, ఆప్షన్ల వరుస మారిపోవచ్చు. మీకు కనిపించిన ప్రశ్న సంఖ్య కాకుండా రెస్పాన్స్ షీట్‌లోని క్వశ్చన్ ఐడీ, తేదీ, సెషన్ రాయండి. "ఆప్షన్ 3" అని వదిలేయకుండా "ఆమ్రేడిత సంధి" అని పేరుతో రాయండి.

రాత ఇంతకు మించొద్దు: "ఏమి + ఏమి = ఏమేమి. ఉత్తరపదం పూర్వపదానికే ఆమ్రేడితం. ఆమ్రేడిత సంధి సూత్రం, పాఠ్యపుస్తకంలోని ఉదాహరణ జతచేశాను. కీలో 'ఇకార సంధి' బదులు 'ఆమ్రేడిత సంధి'గా సవరించగలరు."

సెక్షన్‌రైటర్:
చివర "లేదా రెండు జవాబులకూ మార్కు ఇవ్వగలరు" అని ఒక వాక్యం చేర్చమంటాను. కమిటీ ముందు దారులు నాలుగు: కీ అలాగే ఉంచడం, మార్చడం, రెండు జవాబులు ఒప్పుకోవడం, ప్రశ్న తీసేసి అందరికీ మార్కు కలపడం. మీరు రెండోది మాత్రమే అడిగితే, సందేహించే సభ్యుడు మొదటిదానికే మొగ్గవచ్చు.

తుది కీ తర్వాత కోర్టుకెళ్దాం అనుకుంటే అది కష్టమైన దారి. కీ తప్పని స్పష్టంగా రుజువైతే తప్ప దాన్ని సరైనదిగానే తీసుకోవాలని సుప్రీంకోర్టు 1983లో కాన్పూర్ యూనివర్సిటీ కేసులో చెప్పింది. 2017లో రణ్ విజయ్ సింగ్ కేసులోనైతే, సందేహం మిగిలితే దాని లాభం పరీక్ష నిర్వహించిన సంస్థకే అంది. రెండు సూత్రాల మధ్య తగవు అక్కడ 'సందేహం' కిందికే వస్తుంది.

ద్రుతప్రకృతికం:
'లేదా' అని రాస్తే ఇకార సంధి కూడా ఒప్పే అని మీరే సంతకం పెట్టినట్టు. చేతిలో పాఠ్యపుస్తకం పేజీ ఉంటే ఆ వాక్యం వద్దు. పేజీ దొరక్కపోతే అప్పుడు సెక్షన్‌రైటర్ గారి మాట వినండి.

కొత్తచాక్‌పీసు:
ఆమ్రేడిత సంధి ఉదాహరణల్లో 'ఏమేమి' ఉన్న పాఠ్యపుస్తకం దొరికిందండి, ముద్రణ పేజీ కూడా ఉంది. 'లేదా' లేకుండానే పెడుతున్నా. 'పట్టపగలు'కు కూడా కీలో ఆమ్రేడితమే ఇచ్చారు, దాని మీదా రాయాలా?

పాతకీలు:
ఆప్షన్లలో ద్విరుక్తటకార సంధి ('ట్ట' వచ్చే సంధి) ఉంటేనే రాయండి. పగలు + పగలు, ఆ సంధి జరిగే 'కడాదులు' అనే పదాల్లో 'పగలు' ఉంది, కాబట్టి ఆ పేరే కచ్చితం. ఆప్షన్లలో అది లేకపోతే పరం ఆమ్రేడితమే కనుక ఇచ్చినవాటిలో కీ సరిపోతుంది. రాసేట్టయితే వేరే అభ్యంతరంగా, వేరే పీడీఎఫ్‌తో పెట్టండి.