లంగరు పడవ ముక్కు మీదనే ఉంచాల్నా, తీసి లోపల పెట్టాల్నా?

హన్మకొండ_గోవా: అన్నలూ, మేం ముగ్గురు దోస్తులం కలిసి గోవాల 32 అడుగుల పాత తెరచాప యాట్ కొన్నం. 15 కిలోల లంగరు, నాగలి కర్రు తీరుంటది. ముక్కు మీద రోలర్‌ల, అంటే గొలుసు జారే గిలకల, ఆనిచ్చి పెడుతున్నం. అలలకు పడవ లేచి పడ్డప్పుడల్లా ఊగి గుద్దుకుంటాంది, ముక్కు రంగంత లేచిపోయింది. ఏసేటప్పుడేమో ఎంతకూ జారది, ఒకలు వంగి కాలుతోని నూకాలె. తీసి లోపల అరల పెడదామంటడు ఒక దోస్తు. నాకు మనసొప్పుతలేదు.

జగిత్యాల_ఓడలు: లోపల పెట్టకు తమ్మీ. 18 ఏండ్లు ఓడల మీద చేసినోన్ని, ఊకె చెప్తలేను. ఇంజన్ ఆగి, గాలి ఒడ్డు దిక్కు నూకుతాంటే నీకు మిగిలేటియి నిమిషాలే. అప్పుడు అర తెరిచి, 15 కిలోలు మోసుకొచ్చి, గొలుసుకు షాకిల్ (ఇనుప కొండి) బిగిస్తవా? గుద్దుకునుడు ఆగాలంటే రోలర్ చెంపలకు, లంగరు కాడకు కలిపి అడ్డంగ పిన్ను దూర్చు. గొలుసును పొట్టి తాడుతోని క్లీట్‌కు (డెక్ మీద తాడు కట్టే కొమ్ముకు) గుంజి కట్టు, విండ్‌లాస్ (గొలుసు గుంజే మిషిను) ఒక్కదాని మీదనే భారమేయకు. ఇగ జారకపోవుడంటవా, బరువంత రోలర్‌కు లోపలి దిక్కే ఉన్నట్టుంది. రోలర్‌ను ఇంకింత బయటికి జరిపియ్యి, లేకుంటే ఇరుసు మీద ముందటికి వంగే రకం పెట్టియ్యి.

సాగర్_చాప: నేను హుస్సేన్ సాగర్‌ల చిన్న పడవల మీద నేర్చుకున్న. అన్నా, బరువు సంగతి మర్సిన్రు. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు దగ్గర దగ్గర 1.4 కిలోలు. 40 మీటర్లకు 56, లంగరుతోని 71 కిలోలు. అంత బరువు ముక్కుల పెట్టుకుంటే పడవ ప్రతి అలకూ తల పొడుస్తది, నడక సస్తది. రెండు మూడు దినాల దూరం పొయ్యేటప్పుడు లంగరు ఇప్పి నడుమ అడుగున కట్టేయాలె. గొలుసు దిగే తూటు గూడ మూయొచ్చు, నీళ్లు లోపలికి రావు.

జగిత్యాల_ఓడలు: నడి సముద్రానికి ఒప్పుకుంట. ఒడ్డెంబడి తిరిగేటోళ్లకు ఒప్పుకోను.

నర్సంపేట_తెప్ప: నాకు యాట్లు తెల్వయి. మా నాయిన పాకాల చెర్ల చేపలు పట్టేది. రాయికి తాడు కట్టి అదే లంగరు లెక్క ఏసేది. తాడు వరుసగ చుట్టకుంటే నన్ను కొట్టినంత పనిచేసేది, చిక్కుపడి కాలుకు సుట్టుకుంటే మనిషిని నీళ్లల్లకు గుంజుతదని. తమ్మీ, గొలుసు ఉండే అర తెరిచి చూసినవా? గొలుసు కుప్ప ఒరిగి, కింది వరుస మీద పడి పట్టేసిందేమో.

జగిత్యాల_ఓడలు: మంచి మాట పట్టిన్రు. అర లోతు తక్కువుంటే గొలుసు గోపురం లెక్క నిలవడి కూలుతది. ఇంకోటి, గొలుసు ఆఖరి కొసను అరల ఇనుప రింగుకు షాకిల్‌తోని బిగియ్యకు. గట్టి తాడుతోని కట్టు, ఆ తాడు డెక్ మీది దాంక రావాలె. లంగరు ఇడిసిపెట్టి పోవాల్సొస్తే కత్తితోని కొయ్యొచ్చు.

హన్మకొండ_గోవా: ఇప్పుడే అర తెరిచి చూసిన. కుప్ప ఒరిగే ఉన్నది, కొసకు షాకిలే ఉన్నది. షాకిల్ ఈ రోజే తీసేస్తున్న, పిన్నుకు రేపు తూటు కొట్టిస్త. రోలర్ ముచ్చట గొలుసు సర్దినంక చూస్త. దోస్తు మాత్రం అర మాటే పట్టుకున్నడు.