డీప్‌ఫేక్ మోసాలకు మన రాష్ట్రాలు విడిగా చట్టం చేయాలా?

గోదారిగట్టు:
పోయిన నెల మా నాన్నకు నా గొంతుతో ఫోన్ వచ్చింది. "నాన్నా, బండి ఒకాయనకి తగిలింది, స్టేషన్లో కూర్చోబెట్టారు, అమ్మకి చెప్పకు" అని. వెనకాల వైర్‌లెస్ సెట్టు గరగరలు కూడా వినిపించాయట. రెండు విడతల్లో 1,80,000 పంపేశారు. ఎఫ్‌ఐఆర్‌లో ఐటీ చట్టం 66డి ఒక్కటే రాశారు, అంటే ఫోన్, కంప్యూటర్లతో వేరేవాళ్లలా నటించి మోసం చేయడం. మూడేళ్లు, లక్ష దాకా జరిమానా, పైగా బెయిలబుల్. సైకిల్ ఎత్తుకుపోయినా మూడేళ్లే కదండీ! ఏఐతో గొంతు, మొహం దొంగిలించి డబ్బు గుంజితే ఏడేళ్లు, నాన్‌బెయిలబుల్ అని మన రెండు అసెంబ్లీలూ సొంతంగా చట్టం ఎందుకు చేయకూడదు?

బుజ్జిపండు99:
సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశారా అన్నా?

గోదారిగట్టు:
చేశాం. మర్నాడు. అప్పటికే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోయింది.

ప్లీడరుగుమస్తా:
66డి ఒక్కటే రాశారంటే అది రాసినవాళ్ల లోపం, చట్టం లేక కాదు. బీఎన్‌ఎస్ అనే కొత్త శిక్షాస్మృతిలో 318(4) ఉంది, మన పాత 420. ఏడేళ్లు, నాన్‌బెయిలబుల్. మీరు కొత్తగా అడుగుతున్నది పుస్తకంలో ఎప్పటినుంచో ఉంది. ఆ సెక్షన్ కలపమని అర్జీ పెట్టండి. ఇక అసెంబ్లీ సంగతి. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది కాబట్టి చేయొచ్చు. కేంద్ర చట్టానికి అడ్డం వస్తే మాత్రం రాజ్యాంగం 254(2) ప్రకారం రాష్ట్రపతి ఆమోదం కావాలి. మహిళలపై నేరాలకు ఆంధ్రా తెచ్చిన దిశ బిల్లు 2019 డిసెంబరులో అసెంబ్లీలో పాసైంది. ఆ ఆమోదం దగ్గరే ఆగిపోయింది.

గోదారిగట్టు:
సెక్షన్లు నాకూ తెలుసండీ. 420కి జనం భయపడే రోజులు పోయాయి. ఏఐ అన్న మాట చట్టంలో ఉండాలి.

కాకతీయతోరణం:
అన్నా, ఒక్క ముచ్చట చెప్పు. అది ఏఐ గొంతే అని కోర్టుల ఎట్ల రుజువు చేస్తరు? 420కి మోసం చేసిండని చూపిస్తే చాలు. నువ్వు అడిగే చట్టానికి మెషీన్‌తోనే చేసిండని కూడా చూపియ్యాలె. అవతలి వకీలు లేచి "మావాడు మిమిక్రీ చేసిండు సార్" అంటే ఏం జేస్తవ్? మా ఓరుగల్లు నేరెళ్ల వేణుమాధవ్ గారు ఏ మెషీన్ లేకుండనే ఎందరి గొంతులో పలికిండ్రు. నోటితోని మోసం చేస్తే తక్కువ శిక్ష, కంప్యూటర్‌తోని చేస్తే ఎక్కువనా?

పాతరేడియో:
వేణుమాధవ్ గారిని దొంగల పంచాయితీలోకి లాగొద్దు దయచేసి.

సరదారాయుడు:
ఏఐతో చేసిన వీడియోలు, ఆడియోలకు లేబుల్ వేయాలని 2026 ఫిబ్రవరిలో కేంద్రం రూల్ తెచ్చిందిగా, ఇంకేం కావాలి?

గోదారిగట్టు:
ఫోన్ కాల్‌కి లేబుల్ ఎక్కడ అతికిస్తారు రాయుడు గారూ?

ప్లీడరుగుమస్తా:
తోరణం గారి పాయింటు సరైనదే. నేరం నిర్వచనంలో మాట పెరిగేకొద్దీ ప్రాసిక్యూషన్ నెత్తిన బరువు పెరుగుతుంది. రష్మిక మందన్న డీప్‌ఫేక్ కేసు చూడండి. 2024 జనవరిలో నిందితుణ్ణి పట్టుకున్నది పాత ఐపీసీ, ఐటీ చట్టాలతోనే. ఫాలోయర్ల కోసం చేశానన్నాడు. విడి చట్టం ఏదీ అక్కర్లేకపోయింది.

గోదారిగట్టు:
అవునండీ, హీరోయిన్ కోసం ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లా దాకా వచ్చారు. మా నాన్న కోసం పక్క వీధి స్టేషన్ నుంచి ఎవరూ రాలేదు. అదే నేను చెప్పేది.

కాకతీయతోరణం:
అది చట్టం తప్పా, పోలీసుల తప్పా? మళ్లీ అదే అడుగుతున్న, రుజువు ఎట్ల? ఇంకోటి. కేరళల 2020 నవంబర్‌ల పోలీసు చట్టంల 118ఎ పెట్టిండ్రు, ఆన్‌లైన్ దూషణ ఆపుతమని. గోల లేస్తే అదే నెలల వెనక్కి తీసుకున్నరు. రాష్ట్రం చేతిల ఇసొంటి కత్తి పెడితే మీ నాయన కేసు కన్నా ముందు మీమ్‌లేసే పోరగాండ్ల మీద పడ్తది.

బుజ్జిపండు99:
నిజం. ముందు పార్టీలోళ్ల ఫేక్ వీడియోలు ఆపమనండి.

గోదారిగట్టు:
ఇక్కడ మీమ్‌ల గురించి ఎవరు మాట్లాడారు? డబ్బు కోసం అని రాస్తే సరిపోతుంది. అదే కేరళలో 2023లో కోళికోడ్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగికి పాత సహోద్యోగి మొహంతో వీడియో కాల్ చేసి 40,000 లాగారు. మళ్లీ అడిగేసరికి ఆయనకి అనుమానం వచ్చింది. ఫిర్యాదు చేస్తే ఖాతా ఆపించి డబ్బు తిరిగి ఇప్పించారు. మనకెందుకు చేతకాదు?

కాకతీయతోరణం:
నువ్వే చెప్పినవ్ కదన్నా. ఆయనకు అనుమానం వచ్చింది. మీ నాయన ఒక్కసారి నీ నంబర్‌కు చేసుంటే ఈ థ్రెడ్డే లేకపోవు.

గోదారిగట్టు:
చేశారు.
మూడుసార్లు చేశారు. నేను ఎత్తలేదు. పొలం అమ్మకం మీద మాటామాటా వచ్చి రెండు నెలల నుంచి ఆయన ఫోన్ ఎత్తడం మానేశాను. ఇప్పుడు చెప్పు తమ్ముడూ, ఇంకేం కనుక్కోవాలి ఆయన?

పాతరేడియో:
అయ్యో.

కాకతీయతోరణం:
తప్పయింది అన్నా. అట్ల అనకపోవాల్సింది.
నా కథ కూడా చెప్త, అప్పుడు నేనెందుకు అడ్డం పడుతున్ననో అర్థమైతది. నాది చిన్న కిరాణం. ఎవడో 640 రూపాయల సామాను కొని స్కాన్ చేసిపోయిండు. అవి ఎక్కడో మోసం చేసిన పైసలట. నాకేం ఎరుక? పొద్దుగాల హోల్‌సేల్ షాపులో పైసలు కొడితే పోతలేవు. బ్యాంకుకు పోతే "ఖాతా ఆగింది, వేరే రాష్ట్రం పోలీసులను అడుగు" అన్నరు. 47 దినాలు. 640కి మొత్తం ఖాతా. బిడ్డ ఫీజుకు మా బామ్మర్ది కాళ్లు పట్టుకున్న. ఎవడు కొత్త చట్టం అన్నా నాకు అదే యాదికొస్తది.

గోదారిగట్టు:
తమ్ముడూ, ఆ ఆపడమే నాకు కావాల్సింది. నిజం చెప్పాలంటే ఏడేళ్లూ పదేళ్లూ అని ఏదో కోపంలో రాశాను. మొదటి గంటలో ఎవరో ఒకరు ఆ డబ్బు ఆపి ఉంటే చాలు.

కాకతీయతోరణం:
ఆపమను, ఆ పైసలు ఆపమను. నా కొట్టు ఆపుడెందుకు?

గోదారిగట్టు:
నాలుగో ఖాతా ఎవరిదో అర్ధరాత్రి ఎలా తెలుస్తుంది? ముందు అన్నీ ఆపి, తర్వాత విడదీయాలి.

కాకతీయతోరణం:
ఆ "తర్వాత"నే 47 దినాలు అన్నా.

ప్లీడరుగుమస్తా:
ఇప్పుడు అసలు దగ్గరికి వచ్చారు ఇద్దరూ. ఈ ఆపడం ఎక్కువగా బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త నేర విచారణ చట్టం 106 కింద చేస్తున్నారు, పాత సీఆర్‌పీసీ 102. వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలని అందులోనే ఉంది. తెలిపారా అని అడిగే నాథుడు లేడు. మీరు అసెంబ్లీని అడగాల్సింది ఏమిటంటే వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని, ఇన్ని రోజుల్లో తేల్చాలని, అమాయకుడైతే తేల్చనివాళ్లు జవాబు చెప్పాలని. పోలీసు శాఖ రాష్ట్రానిదే కాబట్టి అందులో చాలావరకు ఢిల్లీ మొహం చూడకుండానే చేసుకోవచ్చు.

కాకతీయతోరణం:
అట్ల అర్జీ రాస్తే నేను సంతకం పెడ్త.

గోదారిగట్టు:
రోజులు కాదండీ, గంటల్లో ఆపడం గురించి కూడా రాయాలి. అది లేకపోతే నేను పెట్టను.

సరదారాయుడు:
ఇంతకీ అది ఏఐ గొంతే అని మీకెలా తెలిసింది గట్టు గారూ?

గోదారిగట్టు:
నేను చేయలేదు కాబట్టి. మా నాన్న మాత్రం ఇప్పటికీ నమ్మడం లేదు. "ఆ రోజు మాట్లాడింది నువ్వేరా, డబ్బు అవసరమైతే తిన్నగా అడగొచ్చుగా" అంటున్నారు.

ప్లీడరుగుమస్తా:
ఆయన ఫోన్లో కాల్ రికార్డింగ్ ఆన్‌లో ఉందేమో ఈ రాత్రికే చూడండి. ఉంటే ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా ఆ ఫోన్ అలాగే పక్కన పెట్టించండి.