బృందం బట్టలు నలగకుండా రావాలి: వాలంటీర్ల చర్చ

దుస్తుల కమిటీ: అందరికీ నమస్కారం. మన డాన్స్ ప్రోగ్రామ్‌లో స్టేజి ఎక్కేవాళ్లలో చాలామంది వేరే దేశాల నుంచి విమానం దిగి నేరుగా హాలుకే వస్తున్నారు. గ్రీన్ రూమ్‌లో చోటు తక్కువ, ప్లగ్గులు అంతకన్నా తక్కువ. అందుకని బట్టలు పెట్టెలోంచి తీసి వెంటనే కట్టుకునేలా ఉండాలి.

ముందుగా ఒక్క విషయం. మడత పెట్టినంత మాత్రాన బట్ట పాడవదు. తేమ, వేడి, ఒత్తిడి తోడైతే ముడత గట్టిపడుతుంది. నూలు, లినెన్ పోగులు తేమను బాగా పీలుస్తాయి. అప్పుడు వాటి లోపలి బంధాలు సడలి, ఆరేటప్పుడు బట్ట ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్లీ బిగుసుకుంటాయి. ఇస్త్రీ పనిచేసేదీ ఇలాగే. కాబట్టి ఇస్త్రీ చేసిన బట్టను వేడిగా ఉండగా సర్దకండి, హ్యాంగర్‌కు తగిలించి పూర్తిగా చల్లారనివ్వండి. పాలిస్టర్ తేమను పెద్దగా పీల్చదు, దానితో టెన్షన్ తక్కువ.

రవాణా వాలంటీర్: అన్నీ చుట్టేస్తే సరిపోదా అండీ? చోటు కూడా కలిసొస్తుంది.

దుస్తుల కమిటీ: టీషర్టులు, లెగ్గింగులు చుట్టండి, బాగుంటాయి. చొక్కాలు, లాల్చీలు మాత్రం వద్దు, కాలర్ నలిగిపోతుంది. కాలర్ లోపల చుట్టిన బెల్టో సాక్సో పెడితే దాని ఆకారం నిలుస్తుంది. మడత పడేచోట టిష్యూ పేపర్ పెడితే మడత గుండ్రంగా తిరుగుతుంది, గీత పడదు. ఒక్కో డ్రెస్సుకు పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగితే ఒకదానిమీద ఒకటి జారుతాయి, రాపిడి ఉండదు. బట్ట ఏమాత్రం తడిగా ఉన్నా ఈ కవర్ వాడొద్దు.

పిల్లల డాన్స్ చూసేవారు: వాక్యూమ్ సంచుల్లో పెడదామా? మా ఘాగ్రాలు చాలా చోటు తీసుకుంటున్నాయి.

దుస్తుల కమిటీ: స్టేజి దుస్తులకు అస్సలు వద్దండీ. గాలి తీసేస్తే బట్టంతా అణగారి, ఎక్కడపడితే అక్కడ ముడతలు పడతాయి. పైగా చోటు తగ్గుతుందే గానీ బరువు తగ్గదు. స్వెట్టర్లకైతే పర్లేదు. ఘాగ్రాను నడుం దగ్గర పట్టుకుని కుచ్చులన్నీ ఒకే వైపుకు సర్ది, పొడవుగా మడిచి, పెట్టెలో అన్నిటికంటే పైన పరచండి.

సీనియర్ సభ్యురాలు: పట్టుచీరల సంగతి నేను చెప్తానమ్మా. పాత మడతల మీదే మళ్లీ మడవకండి, జరీ అక్కడే విరుగుతుంది. మడతలు కొంచెం జరిపి, మెత్తని నూలు గుడ్డలో చుట్టండి. ఇంకా మంచి పద్ధతి కావాలంటే, గట్టి అట్ట గొట్టానికి గుడ్డ చుట్టి, చీరను పొడవుగా రెండు మడతలు వేసి దానిమీద చుట్టండి. ముడత పడింది కదా అని నీళ్లు చిలకరించొద్దు, పట్టు మీద మరకలు పడతాయి. పైన పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయాలి. సెంటు కూడా జరీకి దూరంగానే.

రవాణా వాలంటీర్: అలాగేనండీ అత్తయ్యగారూ. నాదో మాట. స్టేజి దుస్తులు ప్రతి ఒక్కరూ కేబిన్ బ్యాగ్‌లోనే తెచ్చుకోండి. చెక్ ఇన్ పెట్టె ఆలస్యమైతే ప్రోగ్రామే ఆగిపోతుంది. కేబిన్ బ్యాగ్‌కి చాలా ఎయిర్‌లైన్స్‌లో 7 నుంచి 10 కిలోలే పరిమితి, టికెట్‌లో చూసుకోండి. బూట్లు, గజ్జెలు, నగల పెట్టెల్లాంటి బరువులు చక్రాల వైపు పెట్టండి. పెట్టె నిలబెట్టినప్పుడు అవి బట్టల మీదికి జారవు. మరీ ఖాళీగా ఉన్నా బట్టలు లోపల కదిలి నలుగుతాయి, చున్నీలు, తువ్వాళ్లతో సందులు నింపండి.

హాలు ఏర్పాట్లు: స్టీమర్లు, అంటే ఆవిరితో ముడతలు తీసే మెషీన్లు, మేము ఇక్కడివే తెస్తాం. మీ దేశం నుంచి తేవద్దు. 230 వోల్టులదాన్ని 120 వోల్టుల ప్లగ్గుకు పెడితే సరిగా వేడెక్కదు, 120 వోల్టులదాన్ని 230 వోల్టుల ప్లగ్గుకు పెడితే కాలిపోతుంది. ప్లగ్గు మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు.

దుస్తుల కమిటీ: మంచిది. హాలుకు రాగానే మొదటిపని, పెట్టె తెరిచి డ్రెస్సులు హ్యాంగర్లకు తగిలించడం. చిన్న ముడతలు వాటంతటవే కొంత సాగుతాయి, మిగిలినవే స్టీమర్‌కి. హ్యాంగర్లు ఎన్ని కావాలో లెక్క తేలాలి. ఒక్కో డాన్స్ టీమ్ నుంచి ఒక్కరు, ఎన్ని డ్రెస్సులు, అందులో పట్టువి ఎన్నో శుక్రవారం లోపు ఇక్కడే రాయండి.